ఎస్తోనియా చారిత్రక నవలలు: ముందు చరిత్ర చదవాలా, నేరుగా నవలే చదవాలా?

గోదారిగట్టు
ఎస్తోనియా రచయిత యాన్ క్రోస్ రాసిన ‘ద జార్స్ మ్యాడ్‌మన్’ నవలను ఈ ఏడాది మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ అరవయ్యో పుట దాటకముందే పక్కన పెట్టేశాను. కథ ఏమిటో తెలియక కాదు. తిమో అనే జర్మన్ ప్రభువంశీయుడు రష్యా చక్రవర్తికి నిజాలు రాసినందుకు తొమ్మిదేళ్లు కోటలో బందీగా ఉండి, 1827లో పిచ్చివాడన్న ముద్రతో ఇల్లు చేరతాడు. అతని భార్య ఏవా రైతుబిడ్డ. ఆమె సోదరుడు యాకోబ్ ఆ ఇంట్లోనే ఉంటూ ఎవరికీ తెలియకుండా దినచర్య రాసుకుంటాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పుట తిప్పినప్పుడల్లా కొత్త జనరల్, కొత్త ప్రభువు, కొత్త ఊరు ఎదురవుతుంటే ఎవరు ఎవరి పక్షమో పోల్చుకోలేకపోతున్నాను. ఎస్తోనియా నేల మీద జర్మన్ల పెత్తనం ఏమిటో, వాళ్ల నెత్తిన రష్యా చక్రవర్తి ఎందుకున్నాడో రచయిత ఒక్క ముక్క విడమరచి చెప్పడు. సుమారు 13 లక్షల జనాభా ఉన్న దేశపు నవలాకారుడు తనవాళ్ల కోసం రాసుకున్న పుస్తకంలోకి నేను పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లానేమో అనిపిస్తున్నది. ఇలాంటి నవలలు చదివేవాళ్లు ముందు చరిత్ర చదువుతారా, లేక తెలియనిదాన్ని అలాగే వదిలి ముందుకు సాగుతారా?

లెక్కలమాస్టారు
ముందు చరిత్రే చదవాలని నా అభిప్రాయం. పెద్ద గ్రంథం అక్కర్లేదు, ఒక పూట చదువు చాలు. 13వ శతాబ్దంలో జర్మన్ క్రైస్తవ యోధులూ డేన్లూ ఆ నేలను ఆక్రమించారు. తర్వాత ఏలికలు మారారు, స్వీడన్ వచ్చింది, 1710లో రష్యా వచ్చింది. భూమి మాత్రం జర్మన్ ప్రభువుల చేతుల్లోనే ఉండిపోయింది, దున్నినవాళ్లు ఎస్తోనియన్లు. ఇప్పుడు మీ నవలకు వద్దాం. ఉత్తరాన ఉన్న ఎస్త్‌లాండ్‌లో భూదాసులైన రైతులకు 1816లో విముక్తి వచ్చింది. తిమో ఉండే దక్షిణ భాగం లివోనియాలో అది 1819 దాకా రాలేదు. తిమో, ఏవాల పెళ్లి జరిగింది 1817లో. అంటే ఒక ప్రభువు తన ప్రేమను నిలుపుకోవడానికి ఆ అమ్మాయి స్వేచ్ఛను ముందు డబ్బిచ్చి కొనవలసి వచ్చింది. ఈ మూడు సంవత్సరాలు మనసులో ఉంచుకుని అదే అరవై పుటలు మళ్లీ చదవండి, ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గరి మౌనం కూడా మీకు వినిపిస్తుంది.

రాత్రిచదువరి
మాస్టారు గారితో ఏకీభవించలేను. ఆ మూడు సంవత్సరాలూ విలువైనవే, కానీ నవల సగంలో ఉండగా ఆ ప్రశ్న మనలో పుట్టి, అప్పుడు వెతుక్కుంటే దొరికే జవాబు మనసులో నిలుస్తుంది. ముందే నేర్చుకుని వెళ్తే నవల పాఠ్యపుస్తకానికి ఉదాహరణగా మిగులుతుంది. పైగా కథ చెబుతున్న యాకోబ్‌కే ఆ ఇంట్లో జరిగేవి సగం తెలియవు. అతను తడుముకుంటూ రాస్తాడు, మనం తడుముకుంటూ చదువుతాం.

పుటసంఖ్య
గోదారిగట్టు గారూ, ముందు ‘ప్రొఫెసర్ మార్టెన్స్ డిపార్చర్’ చదివి చూడండి. అదీ క్రోస్‌దే, 1984లో వచ్చిన నవల. అందులో ఒకే మనిషి, ఒకే రైలు ప్రయాణం. పర్ను పట్టణంలో పేద ఎస్తోనియన్ ఇంట పుట్టి, రష్యా సామ్రాజ్యపు అంతర్జాతీయ న్యాయ నిపుణుడై, 1899 హేగ్ ఒప్పందంలో ఇప్పటికీ తన పేరుతోనే పిలిచే నిబంధనకు కారకుడైన ఫ్రీడ్రిష్ మార్టెన్స్, 1909లో పీటర్స్‌బర్గ్‌కు వెళ్తూ తన జీవితాన్ని తానే విచారణకు పెట్టుకుంటాడు. క్రోస్ తార్తు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవాడు కాబట్టి ఆ విచారణలో వాదన ఎక్కడా సడలదు. చరిత్రలో మార్టెన్స్ వల్గా రైల్వే స్టేషన్‌లో మరణించాడు. అది తెలిసి చదువుతుంటే దాటిపోయే ప్రతి స్టేషనూ బరువుగా తోస్తుంది.

తాలిన్_తెలుగు
నేను ఉద్యోగరీత్యా ఇక్కడ, ఎస్తోనియా రాజధాని తాలిన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. నాకు వచ్చిన ఎస్తోనియన్ భాష కూరగాయల అంగడికి సరిపోయేంతే అయినా, ఈ నవలల విషయంలో అది చేసిన మేలు చిన్నది కాదు. గోదారిగట్టు గారు తడబడిన చోటే నేనూ తడబడ్డాను. ఒక ఊరికి రెండు పేర్లుంటే రెండు ఊళ్లనుకుని చదివాను. ఆ పేర్లను ఒక అట్టముక్క మీద రాసుకుని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాక దారి తెలిసింది: రెవాల్ అంటే తాలిన్, దోర్పాట్ అంటే తార్తు, పెర్నావ్ అంటే పర్ను, వాల్క్ అంటే వల్గా. ప్రభువులు జర్మన్ పేరు పలుకుతారు, పొలంలో ఉన్నవాళ్లు ఎస్తోనియన్ పేరు పలుకుతారు. తిమో ఉండే ఊరు జర్మన్‌లో వోయిసెక్, ఎస్తోనియన్‌లో వోయిసికు. ఆ ఎస్తోనియన్ పేరులో ‘ఓ’ అక్షరం మీద చిన్న అల గీత ఉంటుంది. ఆ అక్షరాన్ని ఎస్తోనియన్ రాతలోకి తెచ్చిన పాస్టర్ ఓట్టో విల్హెల్మ్ మాసింగ్ దగ్గరే నవలలో ఏవా, యాకోబ్ చదువుకుంటారు. ఊరి పేరును రైతు నోట పలికినట్టే కాగితం మీద పెట్టడానికి అక్షరం చేసిచ్చిన మనిషి వాళ్ల గురువు కావడం నాకు చాలా నచ్చిన సంగతి.

ఇంకో రెండు మాటలు తెలిస్తే నవల మరింత విప్పుకుంటుంది. ‘సాక్స్’ అనే మాటకు ఇక్కడ జర్మన్ అనీ, పెద్దమనిషి, యజమాని అనీ కూడా అర్థం. జాతినీ హోదానూ ఒకే మాట మోసింది. జర్మన్ల నడకా నుడికారమూ అనుకరించి సొంతవాళ్లను చిన్నచూపు చూసే ఎస్తోనియన్‌ను ‘కదకసాక్స్’ అన్నారు, కదక అంటే అడవుల్లో పెరిగే ఒక ముళ్లపొద. రెండో మాట ‘మారహ్వస్’, అంటే నేల జనం. 19వ శతాబ్దం నడిమి దాకా ఈ జనం తమను తాము పిలుచుకున్న పేరు అదే. యోహాన్ వోల్డెమార్ యాన్సెన్ 1857లో పర్ను నుంచి తెచ్చిన పత్రికలో ‘ఎస్తీ జనమా’ అని పలకరించిన తర్వాతే కొత్త పేరు వాడుకలో బలపడింది. కాబట్టి 1827లో దినచర్య రాస్తున్న యాకోబ్‌కు తనది ఒక జాతి అని చెప్పుకోవడానికి మనకున్నంత సులువైన మాట లేదు. సాక్స్‌ల ఇంట్లో కూర్చుని, సాక్స్ కాకుండా, నేల జనంలోకి తిరిగి వెళ్లలేక రాస్తున్నాడు.

ఓరుగల్లుబిడ్డ
తాలిన్_తెలుగు గారు చెప్పిన సాక్స్‌కు మా వైపు మాట ఉంది, దొర. ఆ ప్రభువుల ఇళ్లకు కూడా మాట ఉంది, గడి. మా నాయనమ్మ చెప్పేది, గడి ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేత పట్టుకుని పోయేవాళ్లట. నేను ఈ నవల చదువుతూ వోయిసికు ఇంటిని ఊహించుకున్నది ఆ గడిగానే. ఏవా ఆ ఇంటి గడప లోపల నిలబడ్డప్పుడు ఆమె కాళ్లకున్న చెప్పుల మీదికే నా ధ్యాస పోయింది.

అనువాదిని
ఓరుగల్లుబిడ్డ గారి మాటతో నేను దాచుకున్న సంగతి బయటపెట్టక తప్పడం లేదు. ఈ నవలలో మొదటి కొన్ని పుటలను నా కోసం తెలుగులో రాసి చూస్తున్నాను, ఇంగ్లీషు అనువాదం ఆధారంగానే. ‘గడి’ అని రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఆ మాటతో భయం ఒక్క క్షణంలో వచ్చేస్తుంది, నిజమే. కానీ దానితో పాటు నిజాం కాలమూ, వెట్టి పనులూ, 1940ల సాయుధ పోరాటమూ కూడా వచ్చి వోయిసికులో కూర్చుంటాయి. ‘బంగళా’ అంటే ఇంగ్లీషు దొరలు వస్తారు. ‘దివాణం’ అంటే కొంత దగ్గరగా ఉంటుంది కానీ అందులో పొలం వాసన లేదు.

ఇంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. ఇంగ్లీషులో యాకోబ్ తిమోను పిలిచినా, తిమో యాకోబ్‌ను పిలిచినా, ఏవా భర్తతో మాట్లాడినా, బంట్రోతు అందరితో మాట్లాడినా ఒకే సర్వనామం సరిపోతుంది. ఎస్తోనియన్‌లో ‘సినా’ అని నువ్వుకూ, ‘తేయె’ అని మీరుకూ వేర్వేరు మాటలున్నాయి. జర్మన్‌లోనూ, రష్యన్‌లోనూ ఆ తేడా ఉంది. అంటే ఆ ఇంట్లో వినిపించిన మూడు భాషల్లోనూ నోరు తెరిస్తే ఎవరి స్థానం ఏదో తేలిపోతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మెట్లన్నీ చదునైపోయాయి. తెలుగులో నేను మళ్లీ కట్టుకోవాలి, కట్టుకోకుండా ఒక్క సంభాషణ కూడా రాయలేను. ఏవా తిమోను ‘నువ్వు’ అంటే చదువుకున్న ఇద్దరు మనుషుల సమాన ప్రేమ కనిపిస్తుంది. ‘మీరు’ అంటే మన ఇళ్లలో మామూలుగా వినిపించే మాటే కాబట్టి ఆమె పుట్టుక వల్ల వచ్చిన బెరుకు ఎవరికీ పట్టదు. నాలుగు రోజులు ఆలోచించి ‘నువ్వు’కే వచ్చాను. పెళ్లికి ముందు ఆమెకు చదువు చెప్పించినవాడు కోరుకున్నది తనను నువ్వు అనగలిగే భార్యనే అని నాకు నమ్మకం కుదిరింది. యాకోబ్ దగ్గర మాత్రం ఆగిపోయాను. అతను తిమోను ఏమని పిలవాలి?

లెక్కలమాస్టారు
చెల్లెలి భర్త అయినా, అక్క భర్త అయినా మనకు బావగారే కదా. ‘బావగారూ, మీరు’ అని రాయండి. బంధుత్వమూ ఉంటుంది, మన్ననా ఉంటుంది.

అనువాదిని
మాస్టారు గారూ, మొదట అలాగే రాశాను. ‘బావగారూ’ అనగానే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని వక్కపొడి పంచుకున్నట్టు అయిపోయింది. బావ అనే మాటలో మనకు ఎంత చనువుందో మీకు తెలియనిది కాదు. వేళాకోళానికి కూడా హక్కు ఇచ్చే పిలుపు అది. యాకోబ్‌కు ఆ హక్కు ఎవరూ ఇవ్వలేదు.

ఓరుగల్లుబిడ్డ
ఒక పని చేయండి. ఎదురుగా మాట్లాడేటప్పుడు పిలుపే లేకుండా ‘మీరు’ అని మాత్రమే రాయండి. దినచర్యలో, తన కోసం రాసుకునేటప్పుడు మాత్రం ‘తిమో’ అని పేరు పెట్టి రాయనివ్వండి. మా ఊళ్లో దొరతో మాట్లాడినవాళ్లు ఇంటికొచ్చి పేరు పెట్టే చెప్పుకునేవాళ్లు, ‘వాడు’ అని కూడా అనేవాళ్లు.

అనువాదిని
ఇది నాకు తోచలేదు. ఎదుట పిలుపు లేకపోవడం, రాతలో పేరు ఉండటం. అంతా అలాగే మార్చి చూస్తాను. మీకు ఎంతో కృతజ్ఞురాలిని.

పుటసంఖ్య
భాష సంగతి బాగానే సాగుతున్నది కానీ నవల ఎప్పుడు వచ్చిందో ఎవరూ ప్రస్తావించలేదు. ఎస్తోనియన్‌లో ఇది 1978లో వచ్చింది, సోవియట్ పాలనలో. క్రోస్‌ను 1944లో జర్మన్లు నిర్బంధించారు, 1946లో సోవియట్లు నిర్బంధించారు, శిబిరాల్లోనూ ప్రవాసంలోనూ గడిపి 1954లో తిరిగి వచ్చాడు. ఆయన నవల రాస్తున్న దశకంలో ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లను మానసిక చికిత్సాలయాల్లో పెట్టడం సోవియట్ యూనియన్‌లో జరుగుతున్న పని. చక్రవర్తికి నిజం చెప్పినవాడిని పిచ్చివాడని ప్రకటించిన కథను అప్పటి తాలిన్ పాఠకుడు 150 ఏళ్ల కిందటి కథగా చదివి ఉంటాడని అనుకోగలమా? రష్యాలో ఆ ఆనవాయితీ పాతదే. 1836లో తత్త్వచింతకుడు చాదాయెవ్‌ను కూడా ఒక వ్యాసం అచ్చయినందుకు పిచ్చివాడని ప్రకటించారు. నేరుగా రాస్తే అచ్చు కానిదాన్ని పాత కాలపు దుస్తుల్లో దాటించడం కోసమే ఇలాంటి దేశాల్లో చారిత్రక నవల ఇంత బలపడింది. ఈ తాళంచెవి లేకుండా చదివితే తలుపు బయటే నిలబడ్డట్టు.

రాత్రిచదువరి
పుటసంఖ్య గారు చెప్పిన వాస్తవాలతో పేచీ లేదు, ‘కోసమే’ అన్న మాటతోనే పేచీ. మారువేషం ఒక్కటే ఆ నవల బలమైతే 1991లో ఎస్తోనియా తిరిగి స్వతంత్రమైన నాడే ఆ వేషం పెట్టెలోకి వెళ్లిపోయేది. 1989లో ఫ్రాన్స్‌లో ఉత్తమ విదేశీ గ్రంథంగా దానికి పురస్కారం ఇచ్చినవాళ్లు సోవియట్ చికిత్సాలయాల గురించి తెలుసుకోవడానికి అది చదివి ఉండరు. నాకు అందులో అన్నిటికంటే పట్టుకున్నది ఓడ ఘట్టం. దేశం దాటిపోయే దారి దొరికిన తర్వాత తిమో వెళ్లకుండా ఉండిపోతాడు. భార్య, బిడ్డ, వాళ్ల ముందున్న జీవితం ఒక పక్క, ఈ నేల మీద ముల్లులా గుచ్చుకుంటూ ఉండిపోవాలన్న పట్టుదల ఒక పక్క. అది ధైర్యమా, భార్య మీద మోపిన భారమా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. ఆ ప్రశ్న ఏ ప్రభుత్వం మారినా మారేది కాదు.

గోదారిగట్టు
నేను అరవయ్యో పుటలోనే ఉన్నానని మరిచిపోయి ఓడ సంగతి చెప్పేశారు.

రాత్రిచదువరి
మన్నించండి, నిజంగా పొరపాటే. చివరలో ఏం జరుగుతుందో మాత్రం ఇక్కడ ఎవరూ రాయవద్దని అందరినీ కోరుతున్నాను. చివరి ముప్పై పుటల కోసమైనా ఈ నవల పూర్తి చేయాలి.

కాగితంపడవ
అనువాదిని గారు ఇంగ్లీషు మీదుగా రాస్తున్నానని కాస్త సంకోచపడుతున్నట్టు తోచింది. అల్బేనియా నవలాకారుడు ఇస్మాయిల్ కదరే ‘ద సీజ్’ ఇంగ్లీషులోకి ఫ్రెంచి అనువాదం మీదుగానే వచ్చింది. అయినా అందులో ఒక ఘట్టం నన్ను వదలదు. అల్బేనియన్ కోటను ముట్టడించిన తురుష్క సైన్యానికి, కోటకు నీళ్లు తీసుకెళ్లే భూగర్భ కాలువ ఎక్కడుందో తెలియదు. ఒక గుర్రాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా మాడ్చి, కోట చుట్టూ వదులుతారు. అది నేలను వాసన చూసుకుంటూ తిరుగుతుంటే, అటు గోడ మీది నుంచి లోపలివాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. నా ఇంట్లో రాత్రి రెండింటికి అది చదివి లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను. రెండు భాషలు దాటి వచ్చినా ఆ దాహం ఆరలేదు. మరో విశేషం, కథ ఎక్కువ భాగం ముట్టడిదారుల గుడారాల్లో నడుస్తుంది. తమ జాతి కథను శత్రువు కళ్లతో చెప్పించే నిబ్బరం నన్ను ఆశ్చర్యపరిచింది.

ఐస్‌లాండ్ రచయిత హల్దోర్ లాక్స్‌నెస్ ‘ఐస్‌లాండ్స్ బెల్’ కూడా ఈ వరుసలో చదవదగినది. 1703 జనగణనలో ఆ దేశపు జనాభా 50,358. ఆ జనగణన చేసిన ఇద్దరిలో ఒకరైన అర్ని మాగ్నుసన్ ఊరూరా తిరిగి పాత చర్మపత్రాలు సేకరించాడు. నవలలో ఆయనను తలపించే పాత్ర ఒక కటిక పేద ఇంటికి వస్తుంది. ముసలమ్మ పడక అడుగున చెత్తలో వెతికితే మురికి పట్టిన పాత చర్మపత్రాలు దొరుకుతాయి. అవి ప్రాచీన కావ్యపు పుటలు. తిండి లేని ఇంట్లో పడక కింద ఒక జాతి సాహిత్యం. ఆయన వాటిని కోపెన్‌హాగెన్‌కు తీసుకెళ్తాడు. ఆ నగరం 1728లో తగలబడింది. అక్కడికి చేరిన ఐస్‌లాండ్ చేతిరాత గ్రంథాల్లో మొదటి రెండింటిని డెన్మార్క్ ఐస్‌లాండ్‌కు తిరిగి ఇచ్చింది 1971లో. లాక్స్‌నెస్ మొదటి భాగం అచ్చయిన 1943కూ, ఐస్‌లాండ్ గణతంత్రమైన 1944కూ మధ్య ఒక్క ఏడాదే తేడా. ఈ తేదీలేవీ తెలియకుండానే నేను ఆ పడక ఘట్టం దగ్గర కంటతడి పెట్టుకున్నాను. తర్వాత తేదీలు తెలిసి మళ్లీ చదివాను. కాబట్టి మాస్టారు గారి పద్ధతికీ రాత్రిచదువరి గారి పద్ధతికీ మధ్య నాకు తగవు కనిపించదు, రెండుసార్లు చదివే ఓపిక ఉంటే చాలు.

లెక్కలమాస్టారు
రెండుసార్లు చదివే తీరిక అందరికీ ఉండదు. అయినా మీరు చెప్పిన ముసలమ్మ పడక కోసం ఆ పుస్తకం తెప్పించుకుంటున్నాను.

కొత్తగాచేరాను
ఇన్ని మంచి మాటల మధ్య ఒక అనుమానం చెప్పనివ్వండి. చిన్న జాతుల చారిత్రక నవలల్లో గొప్పవాళ్లందరినీ మావాళ్లే అని లాక్కునే ధోరణి ఉండదా? క్రోస్ నాలుగు సంపుటాల పెద్ద నవలలో నాయకుడైన బల్తసార్ రుస్సో 16వ శతాబ్దపు తాలిన్‌లో పాస్టర్, 1578లో లివోనియా చరిత్ర రాసినవాడు. రాసింది ‘లో జర్మన్’ అనే ఉత్తర జర్మన్ల భాషలో. ఆయనను ఎస్తోనియన్ బండివాడి కొడుకుగా చూపడం చరిత్రా, కోరికా?

తాలిన్_తెలుగు
మంచి ప్రశ్న. అది క్రోస్ గాలిలోంచి పుట్టించినది కాదు. రుస్సో తండ్రి కలమయాకు చెందిన బండివాడని చరిత్రకారుడు పౌల్ యోహాన్సెన్ పాత పత్రాలు వెతికి వాదించాడు, క్రోస్ ఆ ఆధారం మీద నవల కట్టాడు. కలమయా అంటే చేపల ఇల్లు. తాలిన్ కోటగోడ బయట సముద్రం ఒడ్డున ఉన్న పేట, నేను రోజూ ట్రామ్‌లో దాని మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. నవల మొదట్లో సెయింట్ ఓలాఫ్ చర్చి శిఖరానికి తాడు కట్టి పరదేశి దొమ్మరివాళ్లు దాని మీద నడుస్తుంటే పిల్లవాడు బల్తసార్ కింద నుంచి నోరు తెరుచుకుని చూస్తాడు. మీ అనుమానానికి ఆ తాడే నా జవాబు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక బండివాళ్ల పేటకూ, జర్మన్ పెద్దమనుషుల బల్లకూ మధ్య జీవితమంతా అలాగే నడుస్తాడు. క్రోస్ అతన్ని ఒక పక్కకు లాగేసి ఉంటే తాడు తెగిపోయేది. రుస్సో చరిత్రలో ప్రభువుల విలాసాన్ని మందలించిన తీరు చదివితే, ఆ మందలింపు ఎటువైపు నుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మీరు చెప్పిన కోరిక ఉన్నమాట నిజమే, కానీ దాన్ని నాలుగు సంపుటాల పొడవునా పరీక్షకు పెట్టాడు.

కొత్తగాచేరాను
ఒప్పుకోవడానికి ముందు చదవాలి. మొదటి సంపుటం ఇంగ్లీషులో ‘ద రోప్‌వాకర్’ పేరుతో ఉందని తెలిసింది, అక్కడి నుంచి మొదలుపెడతాను.

పుటసంఖ్య
కొనేటప్పుడు జాగ్రత్త. నేను ఒక ఆన్‌లైన్ అంగడిలో మొదటి సంపుటం కోరితే రెండోది పంపారు, వెనక్కి తీసుకోవడానికి నెలన్నర పట్టించారు. ఆ నెలన్నరలో రెండోదే చదివేశాను, అందువల్ల మొదటి సంపుటంలో ఎవరు బతికి బయటపడతారో నాకు ముందే తెలిసిపోయింది.

చిత్తూరుసంచి
మనలోనూ తెన్నేటి సూరి గారు ఎక్కడో మంగోలియా మైదానాల మనిషిని తీసుకుని ‘చెంఘిజ్ ఖాన్’ రాస్తే, మంగోలియా పటం తెలియని మా తరం ఇంటర్ పిల్లలం రాత్రింబవళ్లు చదివాం. అప్పుడు ఎవరూ ముందు చరిత్ర చదవమనలేదు.

లెక్కలమాస్టారు
అది తెలుగువారి కోసం తెలుగువాడు రాసిన నవల. మనకేం తెలియదో సూరి గారికి తెలుసు. క్రోస్‌కు మన సంగతి తెలియదు. గోదారిగట్టు గారి మొదటి ఇబ్బంది అదే.

గోదారిగట్టు
పది రోజులు ఇటు రాలేదు, చదువుతూ ఉండిపోయాను. తాలిన్_తెలుగు గారు చెప్పినట్టు అట్టముక్క మీద ఊళ్ల జంట పేర్లు రాసుకున్నాను, దాని వెనక మాస్టారు గారి మూడు సంవత్సరాలు రాసుకున్నాను. అంతకు మించి చరిత్ర ఏమీ చదవలేదు. ఇప్పుడు రెండు వందల పుటలు దాటాను. నేను ఎక్కడ పొరబడ్డానో కూడా తెలిసింది. వచ్చిన ప్రతి ప్రభువూ ఎవరో తెలుసుకోవాలని చూశాను. నిజానికి చూడవలసింది ఆ ప్రభువు గదిలోకి రాగానే యాకోబ్ ఎక్కడ నిలబడ్డాడు, ఏవా కూర్చునే ఉందా లేచిందా అన్నది. ఓడ ఘట్టం కూడా దాటాను. ముందే తెలిసినా చేతులు చల్లబడ్డాయి. రాత్రిచదువరి గారి ప్రశ్నకు నా జవాబు మాత్రం ఏవా పక్షమే. ఆమె ఒక్క మాట కాదని ఉంటే ఆ మనిషి నిలబడగలిగేవాడు కాదు. కాబట్టి ఉండిపోయింది ఇద్దరూ, పేరు ఒక్కరికి వచ్చింది.

రాత్రిచదువరి
చివరి పుట అయ్యాక మళ్లీ రాయండి. ఏవా విషయంలో మీ మాటకు అప్పుడు నేను జవాబు చెబుతాను.

అనువాదిని
మొదటి పది పుటలు తిరగరాశాను. యాకోబ్ నోట పిలుపు తీసేశాను, దినచర్యలో ‘తిమో’ అనే ఉంచాను. ఒక్క చోట మాత్రం అతను నిద్రమత్తులో రాసుకుంటున్నట్టుండే వాక్యంలో ‘మా బావ’ అని పడింది, కొట్టేయడానికి చేయి రాలేదు. ఆదివారం ఇక్కడ పెడతాను. ‘మీరు’ ఎక్కడెక్కడ పొసగలేదో మాస్టారు గారూ, ‘గడి’ ఉంచాలా తీయాలా అన్నది ఓరుగల్లుబిడ్డ గారూ చూసి చెప్పాలి.